మడతలో రెండంగుళాలు

నాలుగో అంతస్తు, వీధి వైపు కిటికీ
లాక్‌డౌన్ మూడో రోజు

పిడుగూ,

నిన్న నువ్వు ఫోన్ చేసి పావుగంట మాట్లాడావు. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. అందులో ఒక్క ముక్క కూడా నాకు వినపడలేదని చెప్పడానికే ఈ ఉత్తరం. చెవిలో పెట్టుకునేదానికి బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీలమ్మే కొట్టు మూసేశారు. నా ఫోన్‌లో మెసేజీల అక్షరాలు చీమల బారులా ఉంటాయి. కాబట్టి ఇకమీదట మేనత్తతో మాట్లాడాలనుకుంటే కాగితం, కలం తియ్యి. పోస్టాఫీసు నడుస్తోందట. పోస్టుమాన్ కింద నిలబడి బెల్లు కొడితే పక్కింటి మాస్టారు చూసి చెప్తారు, నేను కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దించుతాను.

మోకాలు మార్చి ఇవాళ్టికి పదిహేను రోజులు. వ్యాయామం చేయించే అమ్మాయి రెండుసార్లు వచ్చి, ఇక రానివ్వడం లేదని మానేసింది. కుట్లు మాత్రం అంతకు ముందే విప్పారు. ఆ డాక్టర్ కుట్టు పని చూశాను. ఎడం ఎక్కువ, దారం బిగువు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లైతే మొత్తం విప్పించి మళ్ళీ కుట్టించేదాన్ని.

అందరూ ఇళ్ళలో బందీలైపోయామని గోల పెడుతున్నారు. మూడు రోజులకే! ఈ మోకాలి పుణ్యమా అని నేను ఎనిమిది నెలలుగా గడప దాటలేదు. ఆపరేషన్‌కి ఇద్దరు మనుషులు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అరవై రెండు మెట్లు దించారు, అదే కుర్చీలో ఎక్కించారు. ప్రతి అంతస్తులో తలుపులు తీసి మరీ చూశారు జనం. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కుర్చీ ఇక్కడే మూలన ఉంది. దాంట్లో ఇంకోసారి కూర్చుని ఈ మెట్లు దిగను, రాసి పెట్టుకో.

కిటికీలోంచి చూస్తే వీధికి అవతల నా కొట్టు. షట్టర్ మీద దుమ్ము. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ కొట్లో స్కూలు పిల్లల యూనిఫాంలు కుట్టాను. మళ్ళీ నా కాళ్ళతో నేను దిగి ఆ షట్టర్ ఎత్తుతానా లేదా, నిజం చెప్పు. నువ్వు చదివింది ఆ చదువే కదా.

అత్త


ఆసుపత్రి హాస్టల్, మూడో గది
తొమ్మిదో రోజు

అత్తా,

నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను. దిగుతావు. కానీ ఊరికే దిగవు. ఆపరేషన్ అయిన పన్నెండు వారాల్లోపు మోకాలు తగినంత వంగాలి. ఆ తర్వాత లోపల అంతా గట్టిపడిపోతుంది, ఎంత మొత్తుకున్నా వంగదు. నేను ఐదు గంటల దూరంలో ఉన్నాను, బస్సుల్లేవు. మా వ్యాయామాల విభాగం మూసేసి మమ్మల్నందరినీ జబ్బు వార్డులో వేశారు. కాబట్టి నీ ఫిజియోథెరపిస్టు ఈ కాగితమే.

మంచం మీద వెల్లకిలా పడుకో. మడమని మెల్లగా నీ వైపు లాక్కో. ఐదు అంకెలు లెక్కపెట్టి వదులు. ఇరవైసార్లు, రోజుకి నాలుగు దఫాలు. నొప్పి పుడుతుంది. తిట్టుకో, కానీ ఆపకు.

డిగ్రీలు చెప్తే నీకు ఎక్కదు, టేపు మాత్రం నీ ప్రాణం. కాలు పూర్తిగా లాక్కున్నాక మడమ నుంచి పిరుదు దాకా ఎన్ని అంగుళాలో కొలిచి రాయి. నీ కాలు పొడవుని బట్టి లెక్కేశాను. ఇరవై అంగుళాలకి రావాలి. ఇరవై రాకముందు ఒక్క మెట్టు కూడా దిగకూడదు. కుట్టు మిషన్ ముట్టుకోకూడదు.

కొలత మాత్రం జాగ్రత్తగా తియ్యి. చిన్నప్పుడు నువ్వు నాకు కుట్టిన స్కర్టులన్నీ పిక్కల దాకా వేలాడేవి. క్లాసులో నన్ను "పరదా" అని పిలిచేవాళ్ళు. నేనింకా మర్చిపోలేదు.

పిడుగు


నాలుగో అంతస్తు
పదహారో రోజు

పిడుగూ,

ముందు చెప్పాల్సింది చెప్తాను. నీ ఉత్తరం మీద పురుగులుంటాయేమోనని ఇస్త్రీ చేసి చదివాను. కవర్ ఒకసారి, కాగితం ఒకసారి. నీ అక్షరాలు పుట్టాక ఇంత తిన్నగా ఎప్పుడూ లేవు.

మొదటి రోజు ముప్పై అంగుళాలు. ఇవాళ ఇరవై ఎనిమిది. నొప్పా? అడక్కు. నిన్ను కన్న మా తమ్ముణ్ణి, నీకు ఈ చదువు చెప్పించిన నన్ను, ఇద్దర్నీ కలిపి తిట్టుకుంటున్నాను.

లెక్క తప్పకుండా చూడ్డానికి ఒక మనిషి దొరికాడు. నేను చెప్పిన పక్కింటి మాస్టారే, రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఇరవై ఏళ్ళుగా పొరుగున ఉండి ఈ లాక్‌డౌన్ దాకా ఎప్పుడూ తిన్నగా పలకరించుకోలేదు. నేను మూలగడం విని వచ్చి, గడప అవతల నిలబడి చేతులతో సైగ చేసి ఏంటని అడిగాడు. నీ కాగితం చూపించాను. ఇంట్లోకెళ్ళి మెడలో ఈల వేసుకుని వచ్చాడు! ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు వాళ్ళ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఈల ఊదుతాడు. ఒక ఈలకి లాగాలి, రెండు ఈలలకి వదలాలి. బ్యాటరీ లేకుండా ఈ లోకంలో నాకు వినపడేది ఆ ఈల ఒక్కటే. మూడో అంతస్తు వాళ్ళు కూడా దాని ప్రకారం గుంజీలు తీస్తున్నారట.

మిషన్ ముట్టుకోలేదు. ఇంట్లో మిగిలిన యూనిఫాం గుడ్డతో చేత్తో ఒక మాస్కు కుట్టి ఇందులో పెట్టాను. పెట్టుకో.

ఇంకోటి. స్కర్టు పిక్కల దాకా వేలాడింది అంటావా? స్కూలు యూనిఫాం అంటే మూడేళ్ళు రావాలి తల్లీ. పిల్లలు ఊరుకుంటారా, పెరగరూ?

అత్త


ఆసుపత్రి హాస్టల్, మూడో గది
ఇరవై రెండో రోజు

అత్తా,

మాస్కు అందింది. వార్డులో అందరూ ఎక్కడ కొన్నావని అడిగారు. తిరగేసి చూశాను. అంగుళానికి పన్నెండు కుట్లు, ఒక్కటి కూడా వంకర లేదు. నేను నీ మిషన్ కింద కూర్చుని పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. చేత్తో కుట్టిన కుట్టేదో, మిషన్ కుట్టేదో నాకు తెలీదనుకున్నావా? ఎన్ని రోజుల్నుంచి తొక్కుతున్నావు? నిజం రాయి. అబద్ధమాడితే మాస్టారికి ఉత్తరం రాస్తాను.

కోపం తగ్గాక ఆలోచించాను. నీది కాలితో తొక్కే పాత మిషన్. మడమ ముందుకీ వెనక్కీ, మోకాలు కొంచెం వంగుతూ, కొంచెం సాగుతూ. మేము ఇక్కడ బోలెడు ఖరీదు పెట్టి తెచ్చిన యంత్రం చేయించేది కూడా అదే. సరే, తొక్కు. గంటకి పది నిమిషాలు, అంతకు మించి వద్దు.

నా పని అడిగావు కాదు గానీ చెప్తాను. ఊపిరి ఆడనివాళ్ళని బోర్లా తిప్పి పడుకోబెడతాం. ఒక మనిషిని తిప్పడానికి ఐదుగురం కావాలి. మూడు, రెండు, ఒకటి అని నేనే లెక్కపెడతాను. నీ మాస్టారి ఈల ఇక్కడికి పంపిస్తే బాగుండును.

పిడుగు


నాలుగో అంతస్తు
ముప్పై ఒకటో రోజు

పిడుగూ,

దొరికిపోయాను. పదకొండో రోజు నుంచి తొక్కుతున్నాను. నువ్వు తిట్టావు గానీ ఇప్పుడు సెలవిచ్చావు, కాబట్టి పాతవి కూడా మాఫీ.

ఇవాళ్టికి నూట నలభై మాస్కులు. మొదట పోస్టుమాన్‌కి ఇచ్చాను. అతను పోస్టాఫీసులో చూపించాడు. ఆ తర్వాత వీధి ఊడ్చేవాళ్ళు వచ్చారు, పాలవాళ్ళు వచ్చారు. పొద్దున్నే కిటికీ కింద మనిషికీ మనిషికీ మధ్య ఇంత ఎడం పెట్టి వరస కడుతున్నారు. బుట్ట దించుతాను, ఒక్కొక్కరు ఒక్కటి తీసుకుని పైకి చూసి దణ్ణం పెడతారు. తొమ్మిది నెలలుగా ఈ కిటికీలోంచి నేనే అందర్నీ చూసేదాన్ని. ఇప్పుడు అందరూ నన్ను చూస్తున్నారు. బాగుంది, ఎందుకు దాచుకోవాలి?

కొలత ఇరవై ఐదు. ఇంకా ఐదు అంగుళాలు. సగానికి వచ్చాం. మాస్టారు ఇప్పుడు ఇరవైకి బదులు పాతిక ఈలలు ఊదుతున్నాడు. లెక్క తప్పాడా అంటే కాదు, కావాలనే!

నీ ఉత్తరాల్లో తిండి సంగతి ఉండదేం? తింటున్నావా?

అత్త


ఆసుపత్రి హాస్టల్, చివరి గది
ముప్పై తొమ్మిదో రోజు

అత్తా,

ఇరవై ఐదు బాగుంది. ఆపకు. నాకు పని ఎక్కువగా ఉంది, అందుకే చిన్న ఉత్తరం. తింటున్నాను.

కవర్ మీద కూడా రాశాను, ఈ ఉత్తరాన్ని మాత్రం రెండుసార్లు ఇస్త్రీ చెయ్యి. విప్పేముందు ఒకరోజు ఎండలో పెట్టు.

పిడుగు


నాలుగో అంతస్తు
నలభై ఐదో రోజు

పిడుగూ,

నాకు చెవులు వినపడవు గానీ కళ్ళు దొబ్బలేదు. మూడో గదిలో ఉండేదానివి చివరి గదికి ఎందుకు మారావు? ఎప్పుడూ ఒకసారి చేసే ఇస్త్రీ రెండుసార్లు ఎందుకు చెయ్యమన్నావు? నీ అక్షరాలు వరస దిగిపోయి కాగితం కిందికి జారుతున్నాయి ఎందుకు? నీకా జబ్బు వచ్చింది. వచ్చిందని నాకు చెప్పకుండా నా మోకాలి సంగతి అడుగుతున్నావు. ఎంత పెద్దదానివైపోయావే!

ఏడ్చాను. మాస్టారు గుమ్మంలో నిలబడి ఈల మెడలోంచి తీసేశాడు. తర్వాత ఒక పలక మీద రాసి చూపించాడు, "మీరు చేస్తే తనూ చేస్తుంది" అని. సరే, ఇప్పుడు నేను చెప్తాను, నువ్వు విను. ఇది నీ ఫిజియోథెరపిస్టు రాస్తున్న కాగితం. బోర్లా పడుకో. ముక్కుతో ఊపిరి మెల్లగా లాక్కో. ఐదు అంకెలు లెక్కపెట్టి వదులు. ఇరవైసార్లు, రోజుకి నాలుగు దఫాలు. పొద్దున ఏడు, పదకొండు, మూడు, ఆరు, ఇక్కడ ఈల మోగే వేళలివి. ఆ వేళకి నేను కాలు లాగుతుంటాను, నువ్వు ఊపిరి లాగు. తిట్టుకో, కానీ ఆపకు.

నా కొలత ఇరవై రెండు. నీది రాయి. అబద్ధమాడితే నడవలేకపోయినా సరే, ఈ నాలుగో అంతస్తు నుంచి దొర్లుకుంటూ వస్తాను.

అత్త


ఆసుపత్రి హాస్టల్, చివరి గది
యాభై రెండో రోజు

అత్తా,

నిజమే రాస్తున్నాను. పద్నాలుగు రోజులు ఈ గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. మొదటి వారం మంచం మీంచి బాత్రూమ్‌కి వెళ్ళడానికి మధ్యలో ఒకసారి కూర్చోవాల్సి వచ్చింది. వార్డులో నేను ఎంతమందికో చెప్పిన ఊపిరి లెక్క నాకు నేను చెప్పుకోలేకపోయాను. భయమేసింది. నీ ఉత్తరం వచ్చాక పొద్దున ఏడింటికి బోర్లా పడుకున్నాను. అక్కడ నువ్వు తిట్టుకుంటూ కాలు లాగుతుంటావని తలుచుకుంటే నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, అయినా ఇరవై పూర్తిచేశాను. నిన్న పరీక్షలో జబ్బు లేదని వచ్చింది. ఎల్లుండి మూడో గదికి వెళ్తాను. నా కొలత అది.

ఇప్పుడు నీ కొలత. ఇది రాయడం ఇష్టం లేదు, కానీ మనిద్దరం ఇక దాచుకోవద్దు. ఇరవై రెండు చాలదత్తా. ఈ వారాల్లో ఇంకా తగ్గాల్సింది. నీకు ఆపరేషన్ చేసిన సర్జన్‌తో ఫోన్‌లో మాట్లాడాను. పన్నెండు వారాలకి ఇరవై రాకపోతే మళ్ళీ తీసుకురమ్మన్నాడు. మత్తు ఇచ్చి మోకాలిని వాళ్ళే బలవంతంగా వంచుతారు. నీ పేరు మీద మంచం రాయించాను. డెబ్బై మూడో రోజు. ఆ కుర్చీ సంగతి నాకు గుర్తుంది. నన్ను క్షమించు.

ఒకటి చెయ్యి. ఈసారి కొలత నువ్వు తియ్యకు, వేరేవాళ్ళతో తీయించు. పడుకుని కొలుచుకోవడంలో ఏమైనా తేడా వస్తోందేమో.

పిడుగు


నాలుగో అంతస్తు
యాభై తొమ్మిదో రోజు

పిడుగూ పిడుగూ పిడుగూ,

కూర్చున్నావా? కూర్చో.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ కుర్చీ వైపు చూడకుండా దుప్పటి కప్పేశాను. ఇవాళ పొద్దున మాస్టారిని లోపలికి పిలిచాను. మూతికి నా మాస్కు, చేతులకి సబ్బు, ఆయన సొంత టేపు. స్కూల్లో పాతికేళ్ళు లాంగ్‌జంప్ కొలిచిన టేపది. కొలవడంలో ఆయన సొంత మనవణ్ణి కూడా నమ్మడు, అంత కచ్చితం. నేను కాలు లాక్కున్నాను, ఆయన కొలిచాడు. పలక మీద రాసి చూపించాడు. పంతొమ్మిది.

నేను కాదన్నాను. నిన్న నా నోట్‌బుక్‌లో ఇరవై ఒకటి ఉంది. ఒక్క రోజులో రెండు అంగుళాలు ఎలా తగ్గుతుంది? ఆయన మళ్ళీ కొలిచాడు. పంతొమ్మిదే. మీ టేపు సాగిందన్నాను. నా టేపుతో కొలిచాడు. పంతొమ్మిదే! అప్పుడు నా టేపు నా చేతికే ఇచ్చి, నన్నే కొలిచి రాయమన్నాడు. నేను కొలిచాను. కలం తీసుకుని రాశాను. ఆయన నోట్‌బుక్ లాక్కుని నా కళ్ళ ముందు పెట్టాడు.

టేపు మీద పంతొమ్మిది చూసి, కాగితం మీద ఇరవై ఒకటి రాశాను.

అర్థమైందా? ముప్పై ఎనిమిదేళ్ళుగా పిల్లలకి ఏ కొలత తీసినా రెండంగుళాలు కలిపి రాస్తాను. ఆ గుడ్డ లోపల మడతలో ఉంటుంది. పిల్ల పెరిగినప్పుడల్లా కొంచెం కొంచెం విప్పుతాను. నేను కలపాలనుకోనక్కర్లేదు, నా చెయ్యే కలుపుతుంది. నీ స్కర్టుకి మడత కూడా వెయ్యకుండా కలిపిన చెయ్యే నా మోకాలికి కూడా కలిపింది. మొదటి రోజు ముప్పై కాదే, ఇరవై ఎనిమిది. నేను "ఇరవై రెండు" అని రాసిన రోజున ఇరవై వచ్చేసింది. రెండు వారాలుగా దిగగలిగిన మనిషినే, దిగలేనని ఏడుస్తూ, ఇంకా గట్టిగా లాగి పంతొమ్మిదికి తెచ్చాను.

మాస్టారు నవ్వలేక గోడ పట్టుకున్నాడు. నేను కూడా నవ్వాను, పది నెలల నవ్వంతా ఒక్కసారే వచ్చింది. ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమను. నీ షరతు ఇరవై. నాది పంతొమ్మిది. మెట్లెలా దిగాలో వెంటనే రాయి.

అత్త


ఆసుపత్రి హాస్టల్, మూడో గది
అరవై నాలుగో రోజు

అత్తా,

నీ ఉత్తరం వార్డులో అందరికీ చదివి వినిపించాను. బోర్లా పడుకున్న ఒక పెద్దాయన నవ్వుతూ బొటనవేలు పైకెత్తాడు. సర్జన్‌కి ఫోన్ చేసి చెప్తే, "ఆవిడతో నాకొక చొక్కా కుట్టించు" అన్నాడు. మంచం రద్దు చేశాను. "పరదా" అని పిలిచినవాళ్ళందరినీ ఇవాళ క్షమించేశాను.

ఇప్పుడు శ్రద్ధగా చదువు. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చెయ్యి రెయిలింగ్ మీదే ఉండాలి. ఒక కాలు దిగాక రెండోది దాని పక్కకి తెచ్చుకో. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. మొదటి రోజు రెండు మెట్లు దిగి ఎక్కు. తర్వాత ఒక అంతస్తు. మాస్టారు నీకంటే రెండు మెట్లు కింద ఉండాలి, ముఖం నీ వైపు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకో.

మొత్తం అరవై రెండూ మాత్రం నేను వచ్చాకే. వచ్చే వారం నుంచి బస్సులు వదులుతారంటున్నారు. మొదటి బస్సుకే వస్తాను. నీ చెయ్యి పట్టుకుని నేనే దించుతాను. ప్రామిస్ చెయ్యి.

పిడుగు


కింద. నా కొట్టు ముందు గట్టు మీద
డెబ్బయ్యో రోజు, పొద్దున ఎనిమిది

పిడుగూ,

పైన చిరునామా మళ్ళీ చదువు.

ప్రామిస్ చెయ్యమన్నావు గానీ, నేను చేశానా? నీ ఉత్తరం వచ్చిన రోజు రెండు మెట్లు. మర్నాడు మొదటి అంతస్తు దాకా... కాదు, నిజం రాస్తాను, మూడో అంతస్తు మలుపు దాకా. నిన్న సగం. ఇవాళ్టి నుంచి పొద్దున కొట్లు తీయొచ్చని ప్రకటించారు. ఇక నేను ఆగుతానా?

మాస్టారు రెండు మెట్లు కింద, వెనక్కి నడుస్తూ, నోట్లో ఈల. ఒక ఈలకి ఆపరేషన్ కాలు, రెండో ఈలకి మంచి కాలు. ప్రతి అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. కుర్చీలో దిగినప్పుడు చూసిన మొహాలే. ఈసారి అందరి మూతులకీ నేను కుట్టిన మాస్కులే ఉన్నాయి. రెండో అంతస్తులో ఒకావిడ చప్పట్లు మొదలుపెట్టింది. నాకు చప్పట్లు వినపడవు, చేతులు కనపడతాయి. అంతస్తంతా చేతులే. నలభయ్యో మెట్టు దగ్గర మోకాలు పట్టేసింది. మాస్టారు ఈల ఆపి నిలబడ్డాడు. నేను కళ్ళు మూసుకుని, ఊపిరి లాగి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదిలాను. ఎవరు నేర్పారో నీకు తెలుసు. మళ్ళీ ఈల మోగింది, మళ్ళీ దిగాను.

వీధి దాటాను. పోస్టుమాన్ సైకిల్ ఆపి, వచ్చే వాళ్ళని చెయ్యెత్తి నిలబెట్టాడు. షట్టర్ తాళం నేనే తీశాను. ఎత్తడానికి మాత్రం మాస్టారు ఒక చెయ్యి వేశాడు, నేను వద్దనలేదు. లోపల కోత బల్ల మీద, సుద్దముక్కలు ఎక్కడ పెట్టానో అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు గట్టు మీద కూర్చున్నాను, మోకాలు చక్కగా మడిచి, దాని మీదే కాగితం పెట్టి రాస్తున్నాను. కుర్చీ పైనే ఉంది. ఈ ఉత్తరం బుట్టలో దిగలేదు. వీధి చివర డబ్బాలో నేనే వేస్తాను. నువ్వు మొదటి బస్సుకి రా. మెట్లెక్కి పైకి రాకు, తిన్నగా కొట్టుకి రా. నీకు కొలతలు తీయాలి, జబ్బు పడి చిక్కిపోయి ఉంటావు. రెండంగుళాలు కలిపే కుడతాను, మళ్ళీ ఒళ్ళు చేస్తావు.

ఇంకొక్క అంకె రాసి ముగిస్తాను. మాస్టారు పక్కనే నిలబడి చూస్తున్నాడు, ఆయనే సాక్షి. దిగిన మెట్లు అరవై రెండు. ఇందులో ఏమీ కలపలేదు.

అత్త